ఇమ్యూన్ జీన్స్ స్టడీల్లో పూర్వీకుల లెక్క ఎందుకింత తలనొప్పి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను బెంగళూరులో జీనోమ్ (మనిషి మొత్తం డీఎన్‌ఏ) డేటా మీద పని చేస్తుంటా. ఇక్కడ మన తెలుగువాళ్లలో ఎవరికి ఏ జెనెటిక్ రిపోర్ట్ వచ్చినా, పేపర్లో "ఫలానా జబ్బుకి జీన్ దొరికింది" అని ఏది పడినా నన్నడుగుతారు, తిప్పి తిప్పి చూస్తే అవే ప్రశ్నలు, అందుకే అన్నీ ఒక చోట రాసి పెడుతున్నా. డాక్టర్ని కాదు, మందుల విషయం మీ డాక్టర్‌తోనే తేల్చుకోండి.

ఇమ్యూన్ జీన్స్ అంటే ఏవండీ?

ఒంట్లోకి వచ్చింది మనదా పరాయిదా అని గుర్తుపట్టి, పరాయిదైతే దాని పని పట్టే వ్యవస్థకి సంబంధించిన జీన్స్. చాలానే ఉన్నాయి గానీ పెద్దన్న మాత్రం హెచ్ఎల్ఏ. ఆరో క్రోమోజోమ్ మీద పొట్టి వైపున ఉంటుంది ఈ గుంపు. కణం లోపల ఏం జరుగుతుందో చిన్న చిన్న ప్రోటీన్ ముక్కల్ని పైకి పట్టుకుని టీ సెల్స్‌కి, అంటే కాపలా కాసే తెల్ల రక్తకణాలకి, చూపించడం దీని పని. 1958లో జాన్ డోసే అనే ఫ్రెంచ్ డాక్టర్ మొదటిది కనిపెట్టాడు, 1980లో నోబెల్ వచ్చింది. ఇప్పటికి హెచ్ఎల్ఏలో రకాలు 40 వేలు దాటిపోయాయి, మనిషి జీనోమ్‌లో ఇంత వెరైటీ ఉన్న చోటు ఇంకోటి లేదు.

రిపోర్ట్‌లో బి*15:02 లాంటిది కనిపిస్తే భయపడకండి, బి అనేది జీన్ పేరు, 15 అనేది కుటుంబం, 02 అనేది ఆ కుటుంబంలో ఏ ప్రోటీన్ అనేది. ఈ చివరి రెండంకెలే కొంపలు ముంచుతాయి, కింద వస్తుంది ఆ సంగతి.

పూర్వీకుల తేడా అంటే కులమా, జాతా, రాష్ట్రమా?

ఏదీ కాదు, కానీ అన్నిటితోనూ కొంచెం కొంచెం ముడిపడే ఉంటుంది. మీ తాత ముత్తాతలు ఏ గుంపులో ఎన్ని తరాలుగా పెళ్లిళ్లు చేసుకున్నారు అన్నదాన్ని బట్టి కొన్ని వేరియంట్లు (ఒకే జీన్‌లో మనిషికీ మనిషికీ ఉండే తేడాలు) మీ దగ్గర ఎక్కువ, కొన్ని తక్కువ ఉంటాయి. అంతే. ఫారంలో టిక్ పెట్టిన "ఏషియన్" అనే మాటకీ, డీఎన్‌ఏలో కనిపించేదానికీ చాలా దూరం ఉంది. అమెరికా పేపర్లో ఏషియన్ అంటే ఒక్కోసారి చైనా, జపాన్ వాళ్లే, మనం లెక్కలో కూడా ఉండం.

సరే, అందులో సమస్య ఏముంది? జబ్బున్నవాళ్లలో ఎక్కువ కనిపించిన జీనే కదా కారణం?

అక్కడే పప్పులో కాలేస్తారు అందరూ. మా అపార్ట్‌మెంట్‌లోనే ఒక స్టడీ చేద్దాం అనుకోండి, గోంగూర పచ్చడి అంటే పడి చచ్చేవాళ్లు ఒక పక్క, అదేంటో కూడా తెలీనివాళ్లు ఒక పక్క, అందరి హెచ్ఎల్ఏ టైపింగ్, అంటే ఎవరికి ఏ రకం ఉందో చూసే టెస్ట్, చేయిస్తాం. కచ్చితంగా ఏదో ఒక రకం గోంగూర బ్యాచ్‌లో ఎక్కువ కనిపిస్తుంది, పీ వాల్యూ (ఇది కాకతాళీయమా కాదా అని చెప్పే లెక్క) కూడా బ్రహ్మాండంగా వస్తుంది, "గోంగూర జీన్ దొరికింది" అని రాసుకోవచ్చు. జరిగిందేంటంటే గోంగూర బ్యాచ్‌లో మనవాళ్లే ఎక్కువ, ఇంకో పక్క పంజాబీలు, బెంగాలీలు ఎక్కువ, హెచ్ఎల్ఏ రకాలు ఆ గుంపుల మధ్య ఎలాగూ వేరుగానే ఉంటాయి. నాలుకకీ హెచ్ఎల్ఏకీ ఏ సంబంధమూ లేదు. ఐడియా నా సొంతం కాదులెండి, 1994లోనే ఇద్దరు జెనెటిసిస్టులు శాన్ ఫ్రాన్సిస్కోలో చాప్‌స్టిక్స్‌తో తినేవాళ్ల మీద ఇదే ఉదాహరణ రాశారు, వాళ్లు ఎంచుకున్నది కూడా హెచ్ఎల్ఏనే.

నిజంగా జరిగింది కూడా ఉంది. అమెరికా ఆరిజోనాలో పీమా అనే ఆదివాసీల్లో షుగర్ చాలా ఎక్కువ. యాంటీబాడీలకి సంబంధించిన జీఎమ్ అనే ఇమ్యూన్ జీన్ రకం ఒకటి ఉన్నవాళ్లలో షుగర్ 8 శాతం, లేనివాళ్లలో 29 శాతం. చూడగానే ఈ రకం షుగర్ రాకుండా కాపాడుతోంది అనిపిస్తుంది కదా? 1988లో వచ్చిన పేపర్‌లో ఇంకో అడుగు ముందుకేసి ఒక్కొక్కరికి ఆదివాసీ పూర్వీకులు ఎంత, యూరోపియన్ పూర్వీకులు ఎంత అని విడగొట్టి చూశారు. తేడా మాయం. ఆ జీఎమ్ రకం యూరోపియన్ల నుంచి వచ్చింది, అంటే అది ఉన్నవాళ్లలో యూరోపియన్ వాటా ఎక్కువ, వాళ్లకి షుగర్ తక్కువ, జీన్ పాపం మధ్యలో సాక్షి మాత్రమే.

ఈ సమస్య అన్ని జీన్స్‌కీ ఉంటుంది కదా, హెచ్ఎల్ఏకే ఎందుకంత స్పెషల్?

రెండు కారణాలు, రెండూ పెద్దవే.

మొదటిది, రోగాలు. వేల ఏళ్లుగా ఏ ప్రాంతంలో ఏ రోగాలుంటే వాటిని తట్టుకునే రకాలు అక్కడ మిగిలాయి, పైగా ఇద్దరు తల్లిదండ్రుల నుంచి వేర్వేరు రకాలు వచ్చినవాళ్లకి లాభం ఎక్కువ, అందుకే అరుదైన రకాలు కూడా పోకుండా ఉండిపోయాయి. కాబట్టి ఊరు మారితే రకాల లెక్క కూడా మారిపోతుంది, మిగతా జీనోమ్‌లో కనిపించే తేడా కన్నా ఇక్కడ ఎక్కువ మారొచ్చు.

రెండోది, ఈ జీన్స్ విడివిడిగా రావు. పక్కపక్కన ఉన్న పది ఇరవై జీన్స్ కట్టగా ఒక తరం నుంచి ఇంకో తరానికి దిగుతాయి, దాన్నే హాప్లోటైప్ అంటారు. జబ్బుతో కట్ట మొత్తం కనిపిస్తుంది, అందులో దొంగ ఎవడో తెలీదు. పోనీ కట్ట అయినా అందరికీ ఒకటేనా అంటే కాదు. యూరోపియన్లలో ఏ1-బి8-డీఆర్3 అని ఫేమస్ కట్ట ఉంది (ఏ, బి, డీఆర్ అనేవి హెచ్ఎల్ఏ జీన్స్, అంకెలు వాటి రకాలు), టైప్ 1 షుగర్ నుంచి సీలియాక్ (గోధుమ పడని పేగు జబ్బు) దాకా చాలా ఆటోఇమ్యూన్ జబ్బుల్లో, అంటే ఒంటి రక్షణ వ్యవస్థ మన మీదే తిరగబడే జబ్బుల్లో, అది తగుల్తుంది. మన దేశంలో ఆ కట్ట చాలా అరుదు, ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు చూపించింది ఏంటంటే ఇక్కడ బి8-డీఆర్3 ఏ26తో కలిసి వస్తుంది, దాని మధ్యలో ఉన్న జీన్స్ కూడా యూరప్ కట్టతో చాలా చోట్ల కలవవు. అంటే యూరప్ స్టడీలో ఏ1 పక్కన ఉన్న మార్కర్‌ని (డీఎన్‌ఏలో గుర్తుగా వాడే చోటుని) చూసి "ఇది రిస్క్" అని చెప్తే ఆ మార్కర్ మన దగ్గర వేరే కట్ట మీద కూర్చుని ఉండొచ్చు, ఏ రిస్కూ లేకుండా.

ఇండియన్స్ అందరినీ ఒక గ్రూప్‌గా తీసుకుంటే సరిపోదా? కనీసం తెలుగువాళ్లందరినీ?

సరిపోదండీ. 2009లో హైదరాబాద్ సీసీఎంబీ (కణజీవశాస్త్ర పరిశోధన సంస్థ) వాళ్లు హార్వర్డ్ వాళ్లతో కలిసి చేసిన స్టడీలో, మన దేశంలో చాలా గుంపులు రెండు పాత జనాభాల మిశ్రమం అని, ఉత్తరాది పూర్వీకుల వాటా గుంపుని బట్టి 39 నుంచి 71 శాతం దాకా మారుతుందని తేలింది. దానిమీద ఎన్నో తరాలుగా ఎవరి గుంపులో వాళ్లే పెళ్లిళ్లు. పక్కపక్క వీధుల్లో ఉన్న రెండు కులాల మధ్య జన్యుపరంగా ఉన్న దూరం యూరప్‌లో రెండు దేశాల మధ్య కన్నా ఎక్కువ ఉండొచ్చు. తెలుగు మాట్లాడతాం అన్నది అందరికీ కామన్, పూర్వీకులు కామన్ కాదు.

దీనికి ఇమ్యూన్ జీన్ కాకపోయినా అందరికీ అర్థమయ్యే ఉదాహరణ వైశ్యుల్లో ఒక ఎంజైమ్ లోపం. అది ఉన్నవాళ్లకి ఆపరేషన్ టైంలో ఒక రకం కండరాలు సడలించే మందు ఇస్తే చాలాసేపటిదాకా తేరుకోరు, అనుభవం ఉన్న ఎనస్తీషియా డాక్టర్లు ముందే అడుగుతారు. మిగతా తెలుగువాళ్లలో ఇది అరుదు. "తెలుగు యావరేజ్" తీస్తే ఆ విషయం కనిపించకుండా కలిసిపోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు, ప్రపంచమంతా వాడే 1000 జీనోమ్స్ ప్రాజెక్ట్‌లో 26 జనాభాలున్నాయి, అందులో తెలుగువాళ్లు కూడా ఒకరు, కోడ్ ఐటీయూ, 102 మంది. శాంపిల్స్ తీసింది మాత్రం ఇంగ్లండ్‌లో! అంటే వీసా దొరికి అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు అన్నమాట. అనంతపురం కూలీలు, అరకు గిరిజనులు, చిత్తూరు రైతులు అందులో ఎంతమంది ఉంటారో మీరే ఊహించుకోండి.

బెంగళూరులో స్టడీ చేస్తే ప్రత్యేకంగా ఏమైనా ఇబ్బందా?

ఉంది, ఇది నా రోజూ గొడవ. ఇక్కడి పెద్దాసుపత్రులకి పేషెంట్లు కోలార్, అనంతపురం, చిత్తూరు నుంచి వస్తారు, బెంగాల్ నుంచి రైలెక్కి వస్తారు, బంగ్లాదేశ్ నుంచి కూడా వస్తారు. మరి కంట్రోల్స్, అంటే పేషెంట్లతో పోల్చడానికి తీసుకునే జబ్బు లేనివాళ్లు, ఎవరు? ఆరోగ్యంగా ఉండి, పిలవగానే రక్తం ఇచ్చేవాళ్లు, అంటే మెడికల్ స్టూడెంట్లు, ల్యాబ్ స్టాఫ్, ఐటీ కంపెనీ బ్లడ్ క్యాంప్‌కి వచ్చినవాళ్లు. ఈ రెండు గుంపుల పూర్వీకులు ఒకటయ్యే ఛాన్సే లేదు. బెంగాల్ వైపు వాళ్లలో తూర్పు ఆసియా పూర్వీకుల వాటా కొంత ఉంటుంది, మనలో దాదాపు ఉండదు, ఆ వాటాతో వచ్చిన హెచ్ఎల్ఏ రకాలన్నీ "జబ్బు జీన్స్" లాగా వేషం వేసుకుని లిస్టులో పైకొచ్చి కూర్చుంటాయి. చెన్నైలో టీబీ మీద చేసినా ఇదే కథ, గవర్నమెంట్ ఆసుపత్రి క్యూలో ఉన్నవాళ్లూ కాలేజీ హాస్టల్ పిల్లలూ ఒక వర్గం కాదు కదా. శాంపిల్ తీసేటప్పుడే చూసుకోవాల్సింది, తర్వాత సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందిలే అంటే నాకు ఒళ్లు మండుతుంది.

మరి సాఫ్ట్‌వేర్‌తో సరిచేయొచ్చు అంటారే?

చేయొచ్చు, చాలావరకు. పీసీఏ అని ఒకటుంది, అందరి డీఎన్‌ఏ తీసుకుని ఎవరు ఎవరికి దగ్గరో ఒక మ్యాప్ లాగా గీస్తుంది, ఆ మ్యాప్‌లో మీ స్థానాన్ని లెక్కలో కలిపేస్తే పూర్వీకుల వల్ల వచ్చిన తేడా తీసేసినట్టు. 2006 నుంచి అందరూ వాడేది ఇదే. బంధుత్వాలు ఎక్కువున్న డేటాకి మిక్స్‌డ్ మోడల్స్ అనే ఇంకో లెక్క పద్ధతి వాడతారు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది, హెచ్ఎల్ఏ ప్రాంతం అంతా కట్టలు కట్టలుగా ఉంటుంది కాబట్టి దాన్ని అలాగే వదిలేస్తే ఆ మ్యాప్‌లో ఒక గీత పూర్వీకుల్ని కాకుండా హెచ్ఎల్ఏ కట్టల్నే చూపించడం మొదలుపెడుతుంది, తర్వాత దాన్నే లెక్కలోంచి తీసేస్తే మనం వెతికే సిగ్నలే చచ్చిపోతుంది. అందుకే ఆరో క్రోమోజోమ్‌లో సుమారు 25వ మిలియన్ నుంచి 35వ మిలియన్ బేస్ (డీఎన్‌ఏ అక్షరం) దాకా ఉన్న ముక్కని పీసీఏ చేసే ముందే తీసి పక్కన పెట్టాలి.

ఇంత చేసినా మిగిలే సమస్య ఏంటంటే, జీనోమ్ మొత్తం సగటు పూర్వీకులు ఒకటి, సరిగ్గా హెచ్ఎల్ఏ ఉన్న చోట పూర్వీకులు ఇంకోటి. ఇద్దరికీ మొత్తం మీద ఒకే మిశ్రమం ఉండొచ్చు, ఆ ఒక్క ముక్క మాత్రం ఒకరికి ఒక వైపు నుంచి, ఇంకొకరికి ఇంకో వైపు నుంచి వచ్చి ఉండొచ్చు, పీసీఏకి అది కనపడదు.

అన్నిటికన్నా గట్టి పద్ధతి ఫ్యామిలీ స్టడీ. అమ్మ, నాన్న, జబ్బున్న బిడ్డ ముగ్గురినీ తీసుకుని, తల్లిదండ్రుల దగ్గరున్న రెండు కాపీల్లో బిడ్డకి ఏది దిగింది, ఏది దిగలేదు అని చూస్తారు. దిగని కాపీయే కంట్రోల్ అన్నమాట, పూర్వీకుల గొడవే లేదు. 1993లో టైప్ 1 షుగర్ కోసం వచ్చిన పద్ధతి. కాకపోతే అరవై ఏళ్ల పేషెంట్ అమ్మానాన్నల్ని ఎక్కడినుంచి తేవాలి?

ఖరీదైన టెస్ట్ అయినా, చౌక చిప్ టెస్ట్ అయినా హెచ్ఎల్ఏ సరిగ్గానే చెప్తుంది కదా?

రేటుకీ దీనికీ సంబంధం లేదు, పద్ధతి అడగండి. చిప్ మీద చేసే చౌక టెస్టులు చాలావాటిలో హెచ్ఎల్ఏని నేరుగా చదవవు, చుట్టుపక్కల మార్కర్లు చూసి "ఇలాంటి మార్కర్లుంటే ఈ రకం అయ్యుండాలి" అని ఊహిస్తాయి. ఆ ఊహ ఎవరి డేటా మీద నేర్చుకుందో అదే అసలు ప్రశ్న. యూరోపియన్ల మీద నేర్చుకుంటే వాళ్లకి బాగానే చెప్తుంది, మనకి తప్పులు పెరుగుతాయి, ఆ ప్యానెల్‌లో, అంటే అది నేర్చుకున్న డేటాలో, లేనే లేని రకం మీకుంటే అది ఎప్పటికీ చెప్పలేదు, దగ్గరగా ఉన్న ఇంకేదో అంటగడుతుంది. 2021లో 21 వేల మందికి పైగా, రకరకాల జనాభాలతో ఒక ప్యానెల్ వచ్చాక పరిస్థితి మెరుగైంది. మందు నిర్ణయానికి మాత్రం నేరుగా టైపింగ్ చేసిన రిపోర్టే కావాలి.

యూరప్‌లో దొరికిన జీన్స్ మనకి వర్తిస్తాయా?

కొన్ని అవును, కొన్ని అస్సలు కాదు. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్‌లో పీటీపీఎన్22 అనే జీన్ వేరియంట్ యూరోపియన్లకి హెచ్ఎల్ఏ తర్వాత పెద్ద రిస్క్, తూర్పు ఆసియాలో అది దాదాపు లేనే లేదు. క్రోన్స్ అనే పేగు వాపు జబ్బుకి 2001లో నాడ్2 జీన్‌లో వేరియంట్లు దొరికితే ప్రపంచమంతా సంబరం, మరుసటి ఏడాది జపాన్ వాళ్లు వెతికితే వాళ్ల పేషెంట్లలో ఒక్కటీ కనపడలేదు. జబ్బు అదే, దారి వేరు.

హెచ్ఎల్ఏలో ఇంకో రకం చిక్కు. కీళ్లవాతంలో యూరప్‌లో డీఆర్‌బి1*04:01 ముందుంటుంది, జపాన్‌లో 04:05, మన దగ్గర 10:01 కూడా గట్టిగా కనిపిస్తుంది. పేర్లు చూస్తే మూడూ వేరు, కానీ లోపల ప్రోటీన్‌లో ఒకే చోట దాదాపు ఒకే అమైనో ఆమ్లాల వరస ఉంటుంది. పేర్లు పట్టుకుని కూర్చుంటే "స్టడీలు కలవట్లేదు" అంటాం, అమైనో ఆమ్లాల దాకా దిగితే కలుస్తాయి.

2009లో జీనోమ్ స్టడీల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం యూరోపియన్ పూర్వీకులవాళ్లే, 2016కి 81 శాతానికి తగ్గింది. తగ్గినదాంట్లో కూడా ఎక్కువ తూర్పు ఆసియాకే వెళ్లింది.

ఫిట్స్ మందు వేసుకునే ముందు జీన్ టెస్ట్ చేయించమన్నారు, నిజంగా అవసరమా?

కార్బమజెపిన్ గురించైతే డాక్టర్ ఊరికే చెప్పలేదు. కొంతమందికి ఆ మందు వల్ల స్టీవెన్స్ జాన్సన్ అని ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోయే రియాక్షన్ వస్తుంది, ప్రాణాంతకం. 2004లో తైవాన్‌లో అలాంటి 44 మందిని టెస్ట్ చేస్తే 44 మందికీ బి*15:02 ఉంది, అదే మందు వేసుకుని బాగానే ఉన్న 101 మందిలో ముగ్గురికే ఉంది. ఇంత స్పష్టమైన ఫలితం జెనెటిక్స్‌లో చాలా అరుదు. తర్వాత యూరప్‌లో 12 మంది పేషెంట్లని చూస్తే నలుగురికే ఉంది, ఆ నలుగురి పూర్వీకులూ ఆసియావాళ్లే! అంటే యూరోపియన్లకి రియాక్షన్ రాదని కాదు, వాళ్లలో ఆ రకమే దాదాపు లేదు, 2011లో వాళ్లలో ఏ*31:01 అనే ఇంకో రకం బయటపడింది. యూరప్‌లో మాత్రమే స్టడీ చేసుంటే బి*15:02 ఎప్పటికీ దొరికేది కాదు, తైవాన్‌లో మాత్రమే చేసి ప్రపంచమంతా అదొక్కటే టెస్ట్ చేస్తే యూరోపియన్లకి "మీకేం కాదు" అని తప్పుడు ధైర్యం ఇచ్చినట్టు.

2007లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆసియా పూర్వీకులున్నవాళ్లకి మందు మొదలుపెట్టే ముందే టెస్ట్ చేయమంది. మన దేశంలో ఈ రకం ఆగ్నేయాసియా కన్నా తక్కువ, కానీ సున్నా కాదు, గుంపుని బట్టి మారుతుంది. ఇప్పటికే నెలల తరబడి ఇబ్బంది లేకుండా వేసుకుంటున్నవాళ్లు ఇది చదివి మందు ఆపేయొద్దు, ఈ రియాక్షన్ ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే వస్తుంది.

హెచ్ఎల్ఏ బి27 పాజిటివ్ వచ్చింది, నడుం పట్టేసే జబ్బు గ్యారంటీనా?

కాదు. బి27 ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆ జబ్బు ఎప్పటికీ రాదు. పైగా పైన చెప్పిన చివరి రెండంకెల సంగతి ఇక్కడ వస్తుంది, ఆగ్నేయాసియాలో ఉండే 27:06కీ, ఇటలీ సార్డీనియా దీవిలో ఉండే 27:09కీ జబ్బుతో పెద్దగా సంబంధం కనపడలేదు. "బి27 పాజిటివ్" అనే ఒక్క మాటలో ఇవన్నీ కలిసిపోతాయి. నొప్పి ఉందా, ఎక్స్‌రే ఏమంటోంది అనేదే డాక్టర్ చూసేది.

మేనరికాలు ఎక్కువ కదా మనలో, దాని ప్రభావం ఉంటుందా?

ఉంటుంది. మేనమామ, మేనబావ సంబంధాల్లో పుట్టిన పిల్లలకి రెండు వైపుల నుంచీ ఒకే హెచ్ఎల్ఏ కట్ట రావచ్చు. మామూలు సాఫ్ట్‌వేర్ పెళ్లిళ్లు యాదృచ్ఛికంగా జరుగుతాయి అనుకుని లెక్కలేస్తుంది, మన డేటా చూసి క్వాలిటీ బాలేదు అని మంచి మార్కర్లని కూడా పారేస్తుంది. యూరప్ కోసం రాసిన కటాఫ్‌లని ఇక్కడ కళ్లు మూసుకుని వాడకూడదు.

బోన్ మ్యారో డోనర్ దొరకడం కష్టం కావడానికీ ఇదేనా కారణం?

ఇదే. సొంత అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో ఒక్కొక్కరితో పూర్తిగా కలిసే ఛాన్స్ నాలుగింట ఒకటి. బయట వెతకాల్సి వస్తే పూర్వీకులు దగ్గరగా ఉన్నవాళ్లలోనే దొరికే అవకాశం ఎక్కువ. 2014లో అమెరికా రిజిస్ట్రీ లెక్కల ప్రకారం మంచి మ్యాచ్ దొరికే ఛాన్స్ యూరోపియన్ తెల్లవాళ్లకి 75 శాతం, అందరికన్నా తక్కువ ఉన్న దక్షిణ, మధ్య అమెరికా నల్లజాతివాళ్లకి 16 శాతం. మనకి చెన్నైలో దాత్రి రిజిస్ట్రీ ఉంది, బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది ఇస్తే చాలు, అందులో మన ఊళ్ల వాళ్లు పెరిగితేనే మన ఊళ్ల పేషెంట్లకి దొరుకుతుంది.

ఈ తేడాలన్నీ తలనొప్పేనా, ఉపయోగం ఏమీ లేదా?

ఉంది, నాకైతే ఈ సబ్జెక్ట్‌లో అన్నిటికన్నా నచ్చేది ఇదే. కోవిడ్ తీవ్రం కాకుండా కాపాడే ఓఏఎస్1 అనే జీన్ ముక్క ఒకటి యూరోపియన్లకి నియాండర్తల్స్ (అంతరించిపోయిన పాత మానవ జాతి) నుంచి వచ్చింది. అయితే అది పెద్ద ముక్క, దాంట్లో చాలా వేరియంట్లు కట్టగా ఉన్నాయి, కాపాడేది ఏదో తేలట్లేదు, లక్షమంది యూరోపియన్లని చేర్చినా తేలదు ఎందుకంటే వాళ్లందరిలోనూ అవి కలిసే ఉంటాయి. ఆఫ్రికా పూర్వీకులున్నవాళ్లలో నియాండర్తల్ ముక్క లేదు, కానీ ఆ వేరియంట్లలో ఒక్కటి, జీన్‌ని ఎలా కత్తిరించాలో మార్చేది, పాతకాలం నుంచీ ఉంది. 2022లో వాళ్ల డేటా చూస్తే ఆ ఒక్కటి ఉన్నా అంతే రక్షణ. దొంగ దొరికాడు, అంటే ఇక్కడ మంచివాడే లెండి.

అదే కోవిడ్‌లో మూడో క్రోమోజోమ్ మీద రిస్క్ పెంచే ఇంకో నియాండర్తల్ ముక్క కూడా ఉంది, దక్షిణాసియాలో సుమారు సగం మంది దగ్గర కనీసం ఒక కాపీ, యూరప్‌లో 16 శాతం. దాన్ని పట్టుకుని మన దగ్గర సెకండ్ వేవ్ మొత్తానికి ఇదే కారణం అని వాట్సాప్‌లో తిప్పారు, ఆక్సిజన్ లేక పోయినవాళ్ల లెక్క జీన్ మీద వేయడం నాకు నచ్చదు.

రక్తం ఇస్తుంటే మాతృభాష, తాతల ఊరు, కులం అడిగారు. చెప్పాలా?

ఎందుకు అడుగుతారో ఈపాటికి అర్థమై ఉంటుంది. మీరిప్పుడు వైట్‌ఫీల్డ్‌లో ఉన్నారన్నది వాళ్లకి పనికిరాదు, నలుగురు తాతా అమ్మమ్మలు ఎక్కడివాళ్లన్నదే కావాలి. బెంగళూరు ఐఐఎస్‌సీలో ఉన్న బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ ముందుండి నడిపిన జీనోమ్ ఇండియా ప్రాజెక్ట్‌లో 80కి పైగా గుంపుల నుంచి 10 వేల మంది జీనోమ్‌లు చదివారు, 2025 జనవరిలో డేటా రీసెర్చర్లకి తెరిచారు. అలాంటివి పనికొచ్చేది ఈ వివరాలు సరిగ్గా ఉంటేనే. కాకపోతే కన్సెంట్ ఫారం చదవండి, మీ పేరు డేటా నుంచి విడిగా పెడతారా, తర్వాత వద్దనుకుంటే తీసేస్తారా, ఎవరెవరికి ఇస్తారు అని అడగండి. కులం చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు. తెలీకపోతే తెలీదనే రాయండి, ఏదో ఒకటి రాద్దాంలే అని మాత్రం రాయొద్దు, ఖాళీని ఏదోలా సర్దుకోవచ్చు గానీ తప్పుని మేం పట్టుకోలేం.